ముద్ద నోటిదాకా రావాలంటే

ఆపరేషన్ బల్ల మీద మీరు మత్తులో ఉండగా మీ మోచెయ్యి చక్కగా ముడుచుకుంది, చక్కగా చాచుకుంది. కొందరు సర్జన్లు దాన్ని ఫోన్‌లో వీడియో తీసి మర్నాడు చూపిస్తారు కూడా. మీరు చూశారు, మురిసిపోయారు. నాలుగో రోజుకి ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో మీ ఇంట్లో, మీ మంచం మీద కూర్చుని అదే చెయ్యి వంచబోతే సగంలో ఆగిపోయింది. వాపు, సలుపు. పైగా మనసులో ఒకటే గుబులు: "ఇంత ఖర్చుపెట్టి కోయించుకుంటే మళ్ళీ మొదటికే వచ్చిందా?"

రాలేదు. ఆ వీడియోలో ఉన్నది మత్తులో ఉన్న చెయ్యి. దానికి నొప్పి తెలియదు, కండరాలు అడ్డుపడలేదు, వాపు ఇంకా మొదలవలేదు. సర్జన్ చేసిందల్లా కీలు చుట్టూ దళసరెక్కి కుంచించుకుపోయిన పొరను కోసి, అడ్డొచ్చిన ఎముక ఉంటే చెక్కేసి, దారి చెయ్యడం. ఇప్పుడు మీ మోచెయ్యి పూడిక తీసిన కాలువ. నీరు పారుతున్నంత కాలం కాలువగా ఉంటుంది, వదిలేస్తే మళ్ళీ పూడుతుంది. ఆ పూడిక నెలల తర్వాత రాదు, ఆపరేషన్ అయిన గంటల్లోనే మొదలవుతుంది. ముందు కీలులో రక్తం చేరుతుంది, తర్వాత వాపు నీరు, ఆ తర్వాత మెత్తటి కొత్త కణజాలం, చివరికి గట్టి మచ్చ. రక్తం, నీరు ఉన్నప్పుడు కదలికే వాటిని బయటికి నెట్టేస్తుంది. మచ్చ గట్టిపడ్డాక అదే పనికి నెలలు పడుతుంది. మొదటి రెండు వారాల గురించి ఈ అధ్యాయంలో ఇంత గోల చేస్తున్నది అందుకే.

ఈ అధ్యాయం ఎవరికోసం? మోచెయ్యి దగ్గర విరిగో, కీలు తప్పో, వారాల తరబడి సిమెంటు కట్టులో ఉండి బిగుసుకుపోతే దాన్ని వదులు చేయించుకున్నవాళ్ళకి. డాక్టర్లు దీన్ని ఆర్థ్రోలైసిస్ అంటారు. ఒక్క హెచ్చరిక. మీ ఆపరేషన్‌లో లిగమెంటు కూడా కుట్టి ఉంటే కొన్ని భంగిమలు మీకు కొన్నాళ్ళు పనికిరావు. డిశ్చార్జి కాగితంలో ఏం రాశారో ఫిజియోకి చూపించాకే కింద చెప్పినవి మొదలుపెట్టండి.

ఎంత వంగితే చాలు?

"పూర్తిగా వస్తుందా డాక్టర్?" అని అడక్కుండా ఎవరూ ఉండరు. ప్రశ్న కాస్త మార్చి అడగండి: నా పనులకి ఎంత కావాలి?

అమెరికాలోని మేయో క్లినిక్‌లో మోరీ అనే సర్జన్, ఆయన సహచరులు 1981లో ఈ లెక్క తేల్చారు. మామూలు మనుషులు రోజువారీ పనులు చేస్తుంటే మోచెయ్యి ఎన్ని డిగ్రీలు వంగుతోందో కొలిచారు. చెయ్యి తిన్నగా చాచితే సున్నా, పూర్తిగా ముడిస్తే దాదాపు 145 డిగ్రీలు. తినడం, తాగడం, తలుపు తీయడం లాంటి చాలా పనులు 30 నుంచి 130 డిగ్రీల మధ్యలోనే జరిగిపోతాయని తేలింది. అరచెయ్యి పైకి ఓ 50, కిందికి ఓ 50 డిగ్రీలు తిరిగితే సరిపోతుంది. అప్పటికి జేబులో ఫోన్లు లేవు. ఫోన్ చెవిదాకా తేవాలంటే 130 చాలదు, ఇంకొంచెం వంగాలి. అంతవరకూ స్పీకర్ ఆన్ చేసుకుంటే సరి.

మన లెక్క మనం వేసుకుందాం. ముద్ద నోటికి అందాలంటే బాగా వంగాలి, అరచెయ్యి మీవైపు తిరగాలి. గుళ్ళో తీర్థం పట్టాలంటే వంపు పెద్దగా అక్కర్లేదు, అరచెయ్యి పూర్తిగా ఆకాశం వైపు తిరగాలి. జడ వేసుకోవడానికి రెండూ కావాలి, భుజం సాయం కూడా కావాలి. చొక్కా పైబొత్తం పెట్టుకోవడం అన్నిటికన్నా మొండిది. మీకు ముఖ్యమైనవి మూడు పనులు కాగితం మీద రాసి గోడకి అంటించండి. డిగ్రీలు ఫిజియో చూసుకుంటారు, మీరు ఈ మూడు పనులు చూసుకోండి.

ఇంకొక పని ఎవరూ కాగితం మీద రాయరు, నోటితోనూ అడగరు: మరుగుదొడ్డిలో కడుక్కోవడం. బిగుసుకున్నది ఎడమ మోచెయ్యి అయితే అసలు కష్టం అదే. నోరు తెరిచి ఫిజియోకి చెప్పండి. వాళ్ళు రోజూ వినే మాటే. అందుకు పనికొచ్చే చెయ్యి తిప్పుడు నేర్పిస్తారు. ఈలోగా గోడకి చేతి షవరు పెట్టించుకుంటే సగం ఇబ్బంది తీరిపోతుంది.

1. గంటకోసారి, కాస్త కాస్త

ఫిజియో దగ్గరికి వారానికి మూడుసార్లు టోటో రిక్షా ఎక్కి వెళ్తారు. ఒక్కోసారి అరగంట. వారం మొత్తంమీద గంటన్నర. మిగతా గంటలన్నీ మీ చేతిలోనే ఉన్నాయి కదా! పొద్దున ఒకసారి గంటసేపు పళ్ళు బిగించి చేసి, ఇక సాయంత్రందాకా జోలెలో పెట్టుకు కూర్చుంటే ఆ గంట వృథా. మెలకువగా ఉన్నంతసేపూ గంటకో, రెండు గంటలకో ఐదు పది నిమిషాలు చెయ్యండి. ఆపరేషన్ తర్వాత డాక్టరు సరే అన్న రోజు నుంచే. మామూలుగా అది మర్నాడే.

అలారం పెట్టుకుంటే రెండు రోజులకి విసుగొచ్చి కట్టేస్తారు. ఇంట్లో ఎలాగూ జరిగే పనులకి ముడిపెట్టండి. టీ పొంగే లోపల ఒకసారి, పంపు నీళ్ళు పట్టేటప్పుడు ఒకసారి, సీరియల్లో ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఒకసారి.

కీలుకి దెబ్బ తగిలితే కదలకుండా ఉంచడమే వైద్యమని లోకం చాలాకాలం నమ్మింది. కెనడాలోని టొరంటోలో పిల్లల సర్జన్ రాబర్ట్ సాల్టర్ 1970లలో కుందేళ్ళ మీద ప్రయోగాలు చేసి ఆ నమ్మకాన్ని కదిలించాడు. నెమ్మదిగా, ఆపకుండా కదిలిన కీలు కదలని కీలు కన్నా బాగా కోలుకుంది. చెయ్యిని దానంతట అదే వంచి చాచే యంత్రాలు ఆ ఆలోచనలోంచే పుట్టాయి. పెద్ద ఆసుపత్రిలో మీకు ఆ యంత్రం పెట్టి ఉండొచ్చు. ఇంటికి రాదేమోనని దిగులు పడకండి. దాని పని చాలామటుకు మీ రెండో చెయ్యి చేస్తుంది.

2. వాపు దిగితేనే వంపు వస్తుంది

ఉబ్బిన మోచెయ్యి వంగదు. అందులో జాగా లేదు! మొదటి వారం సగం వ్యాయామం, సగం వాపు తగ్గించే పని.

పడుకున్నప్పుడు రెండు మూడు దిండ్ల మీద చెయ్యి పెట్టండి. మోచెయ్యి గుండెకన్నా పైన, అరచెయ్యి మోచేతికన్నా పైన ఉండాలి. వేళ్ళు గట్టిగా మూసి తెరవండి. వ్యాయామం అయ్యాక తువ్వాల్లో చుట్టిన ఐసు 10–15 నిమిషాలు. ఐసు నేరుగా చర్మానికి తగలనివ్వొద్దు, తిమ్మిరి ఉన్నచోట అసలే వద్దు. కుట్లు మానాక వ్యాయామానికి ముందు వేడి కాపడం పెట్టొచ్చు. ముందు వేడి, తర్వాత చలవ. తారుమారు చెయ్యకండి.

మన ఊళ్ళో చాలామంది ఆపరేషన్‌కి విశాఖో వెల్లూరో వెళ్ళి రైల్లో తిరిగొస్తారు. విశాఖ నుంచి ఖరగ్‌పూర్‌కి రాత్రంతా ప్రయాణం, వెల్లూరు నుంచైతే ఒక రోజుకు పైగానే. ఆ ప్రయాణంలోనే చెయ్యి కొబ్బరికాయంత అవుతుంది. కింది బెర్తు అడిగి పుచ్చుకోండి. డిశ్చార్జి కాగితం చూపిస్తే తోటి ప్రయాణికులు కాదనరు. దిండు ఒకటి ఎక్కువ తీసుకోండి. ఆపరేషన్ అయిన చెయ్యి నడవా వైపు కాకుండా గోడ వైపు ఉండేలా తల ఎటు పెట్టాలో చూసుకోండి. లేకపోతే అర్ధరాత్రి దిగేవాళ్ళ సూట్‌కేసు తగలడం ఖాయం. పెద్ద స్టేషన్ వచ్చినప్పుడల్లా లేచి కూర్చుని వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి ఆడించండి. విశాఖలో ఎక్కితే విజయనగరం, శ్రీకాకుళం రోడ్, బ్రహ్మపూర్, భువనేశ్వర్, కటక్. మెలకువ వచ్చినన్నిసార్లు చాలు.

3. లాగనివ్వకండి. ఎవరినీ. మామయ్యనైనా సరే

ఈ అధ్యాయంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి.

మీరు ఇంటికొచ్చిన వారానికి పరామర్శకి ఒకాయన వస్తాడు. రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి, మంచివాడు, చేతిలో బలం ఉన్నవాడు. "ఏమిట్రా, ఇంకా ఇంతే వంగుతోందా? ఇలా తే" అని ఒక్క లాగు లాగుతాడు. టప్‌మన్న చప్పుడు వస్తుంది. "చూశావా, వచ్చేసింది!" అంటాడు. ఆ రాత్రికి మోచెయ్యి ఎర్రగా ఉబ్బి, పొద్దుటికి ఉన్న వంపు కూడా పోతుంది.

ఎందుకలా? మోచేతి ముందు భాగంలో ఎముకను అంటుకుని ఒక కండరం ఉంది. బలవంతంగా లాగితే అది చిరిగి లోపల రక్తం కారుతుంది. ఆ రక్తం గూడు కట్టి, కండరం ఉండాల్సిన చోట ఎముక పెరగడం మొదలవుతుంది. మళ్ళీ బిగుసుకుపోతుంది, ఈసారి పొర వల్ల కాదు, ఎముక వల్ల. మోచేతి దెబ్బల తర్వాత గట్టి మర్దనా చేయిస్తే వచ్చే చిక్కు కూడా ఇదే. పుత్తూరు కట్టు మీద మనవాళ్ళకి ఉన్న గురి నాకు తెలుసు. కట్టు సంగతి ఇక్కడ నేను మాట్లాడటం లేదు. నూనె రాసి, బొటనవేళ్ళతో నలిపి, "ముడి విడగొడతాను" అంటూ మోచేతిని పిండే మాలిష్ గురించే చెబుతున్నాను. కుట్లు మానాక పైపైన మచ్చ మీద మెల్లగా రాసుకుంటే తప్పులేదు, ఫిజియోనే నేర్పిస్తారు. లోపలికి పిండకూడదు.

పెద్దాయన్ని నొప్పించకుండా ఎలా ఆపాలి? "బాబయ్యా, లోపల కుట్లున్నాయి, డాక్టరు ఇంకెవర్నీ ముట్టుకోనివ్వద్దన్నారు" అనండి. తప్పు డాక్టరు మీదకి తోసెయ్యండి, ఆయన ఏమీ అనుకోరు.

ఇక్కడ ఇంకో పొరపాటు. చెయ్యి తిన్నగా రావడానికి నీళ్ళ బకెట్ పట్టుకుని నడవమని సలహా ఇచ్చేవాళ్ళు గల్లీకి ముగ్గురుంటారు. బరువు వేలాడగానే ముందు కండరం తనని తాను కాపాడుకోవడానికి మరింత బిగుస్తుంది. మీరు చాచాలనుకుంటే అది ముడుస్తుంది. బకెట్ పక్కన పెట్టండి.

4. నాలుగు కదలికలు చాలు

ఇంటర్నెట్‌లో నలభై రకాలు చూపిస్తారు. చూసి కంగారుపడొద్దు.

మొదటిది పడుకుని. వెల్లకిలా పడుకోండి. చెయ్యి కప్పు వైపు నిలువుగా ఎత్తండి. రెండో చేత్తో జబ్బని పట్టుకుని కదలకుండా ఆపండి. ఇప్పుడు ముంజేతిని మెల్లగా నుదుటి మీదికి వాలనివ్వండి. మీరు వంచక్కర్లేదు, దాని బరువుకి అదే వంగుతుంది. అక్కడ పది లెక్కపెట్టి, మళ్ళీ కప్పు వైపు చాచండి. భయం ఉన్నవాళ్ళకి దీన్ని మించింది లేదు. వాపుకి కూడా మంచిది, చెయ్యి పైనే ఉంటుంది కాబట్టి.

రెండోది కూర్చుని. వీలైనంత వంచి, రెండో చేత్తో మణికట్టు దగ్గర మెత్తగా నొక్కి 20–30 సెకన్లు ఆగండి. ఇప్పుడొక చిట్కా. ఆపరేషన్ చేతిని ఆ నొక్కే చేతికి ఎదురుగా, చాచబోతున్నట్టు, ఐదు సెకన్లు మెల్లగా తొయ్యండి. తర్వాత ఒక్కసారిగా వదులు చేసి ఊపిరి విడవండి. ఇప్పుడు నొక్కితే ఇందాకటి కన్నా కాస్త ఎక్కువ వంగుతుంది. బిగిసిన కండరాన్ని కాసేపు పనిచేయించి వదిలేస్తే అది దారి ఇస్తుంది. మొండి చేతుల విషయంలో నాకు అన్నిటికన్నా నమ్మకం ఉన్నది ఈ పద్ధతి మీదే.

మూడోది చాచడానికి. బల్ల మీద తువ్వాలు చుట్ట పెట్టి, దాని మీద మోచేతికి కొంచెం పైభాగం ఆనించండి. అరచెయ్యి పైకి పెట్టి, ముంజేతిని బల్ల వైపు వాలనివ్వండి. ఐదు నిమిషాలు పేపరు చదువుకోండి. లాగుతున్నట్టు ఉండాలి, మండుతున్నట్టు కాదు.

నాలుగోది తిప్పడానికి. మోచేతిని నడుముకి ఆనించి, తొంభై డిగ్రీలు వంచి, చేతిలో గరిటె కాడ పట్టుకోండి. గరిటెను కుడికి, ఎడమకి వాల్చండి. మోచెయ్యి నడుము విడిచి పక్కకి జరిగిందంటే భుజం దొంగాట ఆడుతున్నట్టే. చంకలో మడతపెట్టిన రుమాలు పెట్టుకోండి, అది కింద పడితే దొంగ దొరికాడు.

5. జోలె

ఇంట్లో తీసెయ్యండి. గోల్‌బజార్ రద్దీలోకి వెళ్తే వేసుకోండి, ఎవరూ గుద్దకుండా. డాక్టరు వేరేగా చెబితే ఆయన మాటే.

6. స్ప్లింటు: విసుగే, కానీ పని చేస్తుంది

మీకు బెల్టు, స్క్రూ, తాళం ఉన్న పట్టీ ఒకటి ఇచ్చి ఉంటారు. దాన్ని వీలైనంత చాచిన చోట, లేదా వంచిన చోట బిగించి ఉంచుతారు. కాసేపటికి లోపలి కణజాలం సడలుతుంది. అప్పుడు స్క్రూ ఇంకొక పావు తిప్పుతారు. సాధారణంగా చెప్పే లెక్క రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి అరగంట. కొందరికి రాత్రంతా చాచి ఉంచే స్ప్లింటు వేరే ఉంటుంది.

తప్పు ఎక్కడ చేస్తారంటే, మొదటి రోజే ఉత్సాహంతో బిగించేస్తారు. పావుగంటకి చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది, విసిరికొడతారు, ఇక అది అటక మీదే. సౌఖ్యానికి ఒక్క గీత అవతల బిగిస్తే చాలు. బలం కన్నా సమయమే ఇక్కడ పని చేస్తుంది. ఖరగ్‌పూర్ ఎండల్లో, వానాకాలం ఉక్కలో పట్టీ కింద చెమటకాయలు తేలతాయి. లోపల పాత నూలు బనియను ముక్క చుట్టుకోండి, రోజూ మార్చండి. తీశాక చర్మం మీద ఎర్రగీత అరగంటలో పోకపోతే పట్టీ సరిచేయించుకోవాలి.

7. నొప్పితో ఒప్పందం

ఎంత నొప్పి వరకూ చెయ్యొచ్చు? ఈ ప్రశ్నకి జవాబు ఆ క్షణంలో దొరకదు, మర్నాడు పొద్దున దొరుకుతుంది. చేస్తున్నప్పుడు లాగి, ఆపాక అరగంటకో గంటకో సర్దుకుంటే సరిగ్గా చేస్తున్నట్టు. మర్నాడు లేచేసరికి మోచెయ్యి వెచ్చగా, నిన్నటికన్నా లావుగా, నిన్నటికన్నా మొండిగా ఉంటే ఎక్కువ చేశారు. ఆ రోజు సగానికి తగ్గించండి. మానెయ్యకండి, తగ్గించండి.

నొప్పి మాత్ర రాసి ఉంటే వ్యాయామానికి అరగంట ముందు వేసుకోండి. నొప్పి ఓర్చుకుంటే మగతనం అనుకునేవాళ్ళకి ఒక మాట. నొప్పికి శరీరం చేసే మొదటి పని కండరాన్ని బిగించడం. మీరు ఓర్చుకుంటున్నారు, చెయ్యి ఓర్చుకోవడం లేదు.

ఇండోమెథాసిన్ లాంటి మాత్ర కొన్ని వారాలపాటు రాసి ఉంటే, "నొప్పి లేదు కదా" అని మధ్యలో ఆపకండి. అది నొప్పికే కాదు, ఇందాక చెప్పిన అదనపు ఎముక పెరగకుండా కూడా. తిన్నాకే వేసుకోవాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా ముందే డాక్టరుకి చెప్పాలి.

మన దగ్గర ఫిజియో బెంగాలీ మాట్లాడే మనిషి కావొచ్చు. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉన్నా నొప్పి దగ్గరికి వచ్చేసరికి మన నోట తెలుగే వస్తుంది. మూడు మాటలు దగ్గర పెట్టుకోండి. లాగితే "టాన్", నొప్పైతే "బ్యథా", తిమ్మిరైతే "ఝిన్‌ఝిన్". మొదటిదానికి వాళ్ళు కొనసాగిస్తారు, రెండోదానికి తగ్గిస్తారు, మూడోదానికి ఆపాలి.

8. ఇవి కనిపిస్తే వ్యాయామం ఆపి ఆసుపత్రికి

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరి రోజురోజుకీ పెరుగుతుంటే, లేదా ఆ చేత్తో బొత్తం, తాళంచెవి పట్టు తప్పుతుంటే. మోచేతి లోపలివైపు నుంచి వెళ్ళే నరం నలుగుతోందని అర్థం. బాగా వంగుతున్న చెయ్యి ఉన్నట్టుండి వంగనని మొండికేస్తే కూడా ఈ నరాన్నే అనుమానించాలి. ఆలస్యం చేస్తే చేతి పట్టే పోతుంది.

కుట్ల దగ్గర చీము, కారడం, జ్వరం. ఏదో జారినట్టు కటుక్కుమని కీలు కదలడం. ఇవి అదే రోజు చూపించుకోవాలి.

వేళ్ళు చల్లబడి నీలంగా మారినా, వేళ్ళు చాచితే భరించలేని నొప్పి వచ్చి మాత్రలకి లొంగకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. రైల్వే కుటుంబమైతే రైల్వే హాస్పిటల్ క్యాజువాలిటీ, కాకపోతే చాంద్‌మారీలోని మహకుమా ఆసుపత్రి, పెద్ద కేసైతే నది దాటి మేదినీపూర్ మెడికల్ కాలేజీ. ఎక్కడ ఆపరేషన్ అయిందో అక్కడికి ఫోన్ తర్వాత చెయ్యొచ్చు.

9. అన్నం కలిపి పెట్టకండి, ప్లీజ్

ఇది ఇంట్లోవాళ్ళకి. అమ్మకి, భార్యకి, భర్తకి, కోడలికి.

మీరు ప్రేమతో కలిపి నోట్లో పెట్టే ప్రతి ముద్దా ఆ మోచేతికి తప్పిపోయిన ఒక వ్యాయామం. భోజనానికి ఎన్నిసార్లు చెయ్యి నోటిదాకా వెళ్తుందో లెక్కపెట్టి చూడండి. ఏ ఫిజియో అన్నిసార్లు చేయించగలడు? మొదట్లో పొడుగు కాడ చెంచా ఇవ్వండి, తర్వాత మామూలు చెంచా, తర్వాత చెయ్యి. కుడిచెయ్యి పూర్తిగా లొంగకపోతే కొన్నాళ్ళు ఎడమచేత్తో చెంచా పట్టినా అనాచారం ఏమీ కాదని అమ్మమ్మకి మీరే నచ్చజెప్పండి. కానీ కనీసం నాలుగు ముద్దలు కుడిచేత్తోనే. మజ్జిగన్నం చివర్లో వస్తుంది కాబట్టి పోయినా పర్లేదు, మెత్తగా ఉంటుంది, దాంతో మొదలుపెట్టండి.

పక్కన కూర్చుని ఒక్కటే గమనించండి: ముద్ద నోటి దగ్గరికి వస్తోందా, నోరు ముద్ద దగ్గరికి వెళ్తోందా? మెడ వంచి, భుజం ఎగరేసి, నడుము కూడా వంచి పని కానిచ్చేయడంలో శరీరం మహా తెలివైంది. అలా చేస్తుంటే కసరకండి, గోడకి వీపు ఆనించి కూర్చోబెట్టండి. అప్పుడు మోచేతికి తప్పదు.

10. కొలవండి, కానీ రోజూ కాదు

రోజూ కొలిస్తే పిచ్చెక్కుతుంది. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. చలికాలం పొద్దున్న మరీ అధ్వాన్నం. ఆదివారం ఒకే వేళకి, ఒకే గోడ పక్కన నిలబడి రెండు ఫోటోలు: పూర్తిగా వంచి ఒకటి, పూర్తిగా చాచి ఒకటి. వంచినప్పుడు బొటనవేలికి, భుజానికి మధ్య ఎన్ని వేళ్ళ ఖాళీ ఉందో కూడా రాసుకోండి.

ఏం కనిపిస్తుందో ముందే చెబుతాను. ఆపరేషన్ బల్ల మీద వచ్చినదాంట్లో కొంత మొదటి రెండు వారాల్లో పోతుంది. అది ఓటమి కాదు, అందరికీ జరిగేదే. తర్వాత ఆరు వారాలదాకా ఆదివారం ఆదివారానికి తేడా తెలుస్తుంది. ఆ తర్వాత నెలకోసారి చూస్తే తప్ప తెలియదు. ఎక్కువమంది మానేసేది సరిగ్గా అప్పుడే. ఆరు నెలలు, కొందరికి ఏడాదిదాకా మెరుగవుతూనే ఉంటుంది.

జావెలిన్ వీరుడు నీరజ్ చోప్రాకి 2019 మేలో ముంబైలో కుడి మోచేతికి ఆపరేషన్ అయింది. ఆయనది మీలా బిగుసుకుపోయిన కేసు కాదు, పైగా చుట్టూ ఒక దళమే పనిచేసింది. అయినా ఆ ఏడాది దోహా ప్రపంచ పోటీలకి వెళ్ళలేకపోయాడు. మళ్ళీ ఈటె పట్టి 87.86 మీటర్లు విసిరి ఒలింపిక్స్‌కి అర్హత సాధించింది 2020 జనవరిలో, దక్షిణాఫ్రికాలో. టోక్యో బంగారం 2021 ఆగస్టులో. అలాంటివాడికే ఎనిమిది నెలలు పడితే, మీకు ఎనిమిది వారాల్లో ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే ఈ తేదీలు చెప్పండి.

11. డ్యూటీకి ఎప్పుడు?

సుభాష్‌పల్లిలో, మథురాకాటీలో, నిమ్‌పురాలో సగం ఇళ్ళలో వర్క్‌షాపు, షెడ్డు, యార్డు మాటలే. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన తాతల దగ్గర్నుంచి చేతి బలమే మనకి అన్నం పెట్టింది. సిక్‌లో ఉన్నన్ని రోజులూ మనసు షాపులోనే ఉంటుంది. అందుకే రెండు రకాల తప్పులు. ఒకరు తొందరపడి ఫిట్ సర్టిఫికెట్ తెచ్చుకుని, మొదటి వారమే స్పానర్ పట్టి బోల్టు మీద బలం పెడతారు. ఇంకొకరు ఎముకలన్నీ అతికినా "ఇంకా నొప్పిగా ఉంది సార్" అంటూ నెలల తరబడి ఇంట్లో కూర్చుంటారు, అక్కడ చెయ్యి మళ్ళీ బిగుస్తుంది.

మొదటి ఆరు వారాలు నిండు టీ గ్లాసుకి మించి బరువెత్తకుండా ఉంటే మేలు. కూర్చుని చేసే పని అంతకు ముందే మొదలుపెట్టొచ్చు, గంటకోసారి లేచి చెయ్యి ఆడించే వీలుంటే. సుత్తి, గొలుసు పుల్లీ, నిచ్చెన ఎక్కడం, మోటార్‌సైకిల్, వీటికి ఒక్కోదానికి ఒక్కో గడువు. అది మీ ఎముక, మీ ప్లేటు, మీ లిగమెంటు బట్టి ఉంటుంది. సినిమా హాలు దగ్గర కలిసిన వాడి గడువు మీది కాదు.

ఆరో వారం చూపించుకోవడానికి వెళ్ళేటప్పుడు ఆదివారం ఫోటోలు వరసగా పెట్టిన ఫోన్, గోడ మీది మూడు పనుల కాగితం తీసుకెళ్ళండి. లోపలికి పిలిచాక రెండు నిమిషాలే దొరుకుతాయి, ఆ కంగారులో అన్నీ మర్చిపోతాం. కాబట్టి కాగితం వెనక ఈ ప్రశ్నలు రాసుకోండి. కొత్త ఎక్స్‌రేలో ఎక్కడైనా అదనపు ఎముక కనిపిస్తోందా? రాత్రి స్ప్లింటు ఇంకెన్నాళ్ళు? బరువు ఎప్పటినుంచి, ఎన్ని కిలోలతో మొదలుపెట్టాలి? లైట్ డ్యూటీ రాయిస్తే ఏ పనులు చెయ్యకూడదో పేరు పెట్టి రాస్తారా? చివరి ప్రశ్నకి జవాబు నోటిమాటగా ఒప్పుకోకండి, కాగితం మీదే రాయించుకోండి. షాపులో ఫోర్‌మన్ చూసేది ఆ కాగితాన్నే.